రోజుకు తొమ్మిది

మార్చి 3, సోమవారం

గ్రాఫుగారు రెండు రోజుల శిక్షణ ముగించుకుని తిరిగొచ్చారు. మా ఆఫీసు యజమానికి ఈ పేరు నేనే పెట్టాను, మనసులో మాత్రమే పిలుస్తాను. మంచినీళ్ళ క్యాన్ అయిపోయిందన్నా సరే, ఆయన బోర్డు దగ్గరికెళ్ళి ఒక గీత గీస్తారు. నాకంటే ఆరేళ్ళు చిన్న. అయినా సార్ అనే అంటాను, జీతం ఇచ్చేది ఆయనే కాబట్టి.

ఈరోజు అందరినీ మీటింగు గదిలో కూర్చోబెట్టి అడిగారు. "ఒక బ్రాండు రోజుకి ఎన్ని పోస్టులు పెట్టాలి?"

"చెప్పడానికి ఏదైనా ఉన్నప్పుడు పెట్టాలి" అన్నాను.

గది గదంతా నవ్వింది. నేను జోకు వేయలేదు.

"మేడమ్ పత్రికలో ప్రూఫులు దిద్ది వచ్చారు కదా, అందుకే అలా అంటారు" అన్నారు గ్రాఫుగారు. "వారానికోసారి అచ్చేసుకునే రోజులు పోయాయండీ. జనానికి మతిమరుపు. మర్చిపోయేలోపు మళ్ళీ కనపడాలి."

తర్వాత గీత గీశారు. అది పైకి వెళ్ళింది. కింద ఏమిటో, పక్కన ఏమిటో రాయలేదు. గీత మాత్రం పైకే వెళ్ళింది, అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

కంపెనీల తరఫున సోషల్ మీడియాలో పోస్టులు పెట్టడమే మా పని, నా వంతుకి వచ్చింది నిచ్చెనల కంపెనీ. ఇళ్ళలో వాడుకునే మడత నిచ్చెన, నాలుగు మెట్లది. ఇన్నాళ్ళూ రోజుకి ఒక పోస్టు పెట్టేదాన్ని. రేపటి నుంచి మూడు.

మార్చి 4, మంగళవారం

నిచ్చెన గురించి చెప్పగలిగినవి మూడే. ఎక్కొచ్చు, దిగొచ్చు, మడిచి పెట్టొచ్చు. మూడూ ఈరోజే అయిపోయాయి.

మార్చి 6, గురువారం

నా పోస్టులు మెచ్చుకునేవాళ్ళలో నిజమైన మనిషి ఒక్కరే, మా అత్తయ్య. మా ఆయన ఓడ మీద ఇంజనీరు, ఆరు నెలలకోసారి వస్తాడు. ఇంట్లో మేమిద్దరమే. ఫోను టింగుమంటే చాలు, ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని, బొటనవేలు గుర్తు నొక్కి, 'చాలా బాగుంది తల్లీ' అని రాస్తారు. ఆవిడ నా అత్తగారని ఆఫీసులో ఎవరికీ తెలీదు. గ్రాఫుగారు ఒకసారి బోర్డు మీద 'అరవై దాటిన నమ్మకమైన వినియోగదారు' అని రాసి, ఆవిడ మనస్తత్వం మీద పావుగంట మాట్లాడారు. నేను నోట్సు కూడా రాసుకున్నాను.

ఈరోజు ఆవిడ కామెంటు కింద ఇంకొకటి వచ్చింది.

'నమస్కారం. మీ నిచ్చెన మూడో మెట్టు మీద ఉండగా లాకు జారి మా ఆవిడ కింద పడింది. తుంటి ఎముక విరిగింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని రాస్తున్నాను. దయచేసి చూడండి.'

రాసినాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఫొటో ఉండాల్సిన చోట పెన్సిలుతో వేసిన నీళ్ళ కూజా ఉంది. నాలుగు వాక్యాలు, ఒక్క తప్పు లేదు. మా ఆఫీసులో అలాంటి నాలుగు వాక్యాలు వరసగా రాయగలిగేది నేనొక్కదాన్నే.

గ్రాఫుగారికి చూపించాను.

"జవాబు ఇవ్వకండి. ఇచ్చామంటే ఒప్పుకున్నట్టే. దాచేయండి."

దాచడం అంటే తీసేయడం కాదు. దాచిన కామెంటు రాసినవాళ్ళకి మామూలుగానే కనిపిస్తుంది, మిగతా లోకానికి కనిపించదు. తీసేస్తే గొడవ చేస్తారట, దాచేస్తే హాయిగా నిద్రపోతారట. శిక్షణలో చెప్పారట.

దాచాను. ఒక్క నొక్కు. ఇందులో నేను చేసిందేముంది?

మార్చి 7, శుక్రవారం

మాస్టారు మూడు పోస్టుల కిందా రాశారు. మూడూ వేరువేరు వాక్యాలు. మూడూ దాచాను.

మార్చి 10, సోమవారం

ఈరోజు నుంచి ఐదు.

బ్రాండు పెరిగినందుకు కాదు. ఫిర్యాదులు పెరిగినందుకు. ఇంకో ఇద్దరు కూడా లాకు గురించి రాశారు. గ్రాఫుగారి సిద్ధాంతం ప్రకారం ఫిర్యాదుకు మందు పోస్టే. పైన ఒకటి పడితే కిందది ఇంకా కిందికి పోతుంది. పేజీ తెరిచినవాడు వేలు ఎన్నిసార్లు జరుపుతాడు? మూడుసార్లు. నాలుగో జరుపులో ఉన్నది లోకంలో లేనట్టే. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

రోజుకి ఎన్ని పోస్టులు అనే ప్రశ్నకి నాకు ఇవాళ జవాబు దొరికింది. ఎన్ని ఎముకలు విరిగితే అన్ని.

ఇంట్లో ఒక నిచ్చెన ఉంది. పోయిన ఏడాది కంపెనీవాళ్ళు మా అందరికీ కానుకగా ఇచ్చారు. అత్తయ్య దాన్నెక్కి అటక మీద సామాను దించుకుంటారు. సాయంత్రం మూడో మెట్టు మీద నిలబడి చూశాను. ఏమీ కాలేదు. నేను యాభై నాలుగు కిలోలు. రెండోసారి నిలబడలేదు.

మార్చి 11, మంగళవారం

నిచ్చెనని వంటగదిలోంచి తీసి బాల్కనీలో పెట్టాను. వంటగది ఇరుకు.

మార్చి 12, బుధవారం

లాకు సంగతి కంపెనీకి తెలియదేమోనని ఒక ఉత్తరం రాసి గ్రాఫుగారికి ఇచ్చాను. మూడు ఫిర్యాదులూ, తేదీలూ, అన్నీ పద్ధతిగా. ఆయన సగం చదివి తల ఎత్తారు.

"వాళ్ళకి తెలుసు మేడమ్. వచ్చే నెల కొత్త లాకుతో కొత్త సరుకు వస్తోంది. నెలాఖరులోపు పాతది ఖాళీ కావాలి. మనకి ఇచ్చిన పని అదే."

"అంటే పాతవి అమ్ముతూనే ఉంటారా?"

"మనం అమ్మట్లేదండీ. మనం పోస్టులు పెడతాం. నిచ్చెనలు వాళ్ళవి."

ఎంత శుభ్రంగా చేతులు దులిపేసుకున్నారో. ఆ ఉత్తరం మడిచి నా చేతికే ఇచ్చారు. భాష బాగుందని కూడా మెచ్చుకున్నారు.

మార్చి 13, గురువారం

తొమ్మిది.

మార్చి 14, శుక్రవారం

తొమ్మిదింటికి: 'శుభోదయం! ఈరోజు మీరు ఏ మెట్టు ఎక్కబోతున్నారు?' పదింటికి: 'మీ ఇంట్లో అన్నిటికంటే ఎత్తులో ఉన్న వస్తువేది?' పదకొండింటికి: 'ఎదగాలంటే ఎక్కాలి!' పన్నెండింటికి: 'భోజనం అయిందా? మా నిచ్చెనకి ఆకలి వేయదు.' ఇది రాసింది నేనే. పదిహేనేళ్ళు పత్రికలో ఇతరుల వాక్యాలు దిద్దిన చేత్తో రాశాను. దీన్ని నాలుగు వందల మంది మెచ్చుకున్నారు. ఆ నాలుగు వందల మందినీ వరసగా నిలబెట్టి అడగాలని ఉంది, మీకేం పనీపాటా లేదా అని.

ఒక్కొక్కటీ వేళకి పెట్టడం ఎవరివల్లా కాదు. అందుకని ముందుగానే రాసి, వేళలు పెట్టి, వరసలో నిలబెట్టేస్తాను. మిషను తనంతట తనే వదులుతుంది. నేను జ్వరంతో పడుకున్నా నా ఊదరగొట్టుడు ఆగదు.

మాస్టారు తొమ్మిది పోస్టుల కిందా రాశారు. ఒక్కరోజూ ఒకే మాట రెండుసార్లు రాయరు. ఒకచోట ఎక్సరేలో ఏం కనపడిందో రాశారు. ఇంకోచోట ఆవిడ ఆరోజు బల్బు తుడవడానికి ఎక్కిందని రాశారు. 'ఈరోజు ఆవిడని కూర్చోబెట్టారు, పదకొండు నిమిషాలు కూర్చుంది' అని ఒకటి. ఫిర్యాదుకి ఇదంతా ఎందుకు? ఎవరు చదువుతారని?

నేను చదువుతున్నాను. చదివి దాస్తున్నాను.

మార్చి 17, సోమవారం

దాచడానికే సగం రోజు పోతోందని గ్రాఫుగారు కొత్త ఏర్పాటు చెప్పారు. కొన్ని మాటల జాబితా ఇస్తే, అవి ఉన్న కామెంటుని మిషనే వచ్చిన నిమిషంలో దాచేస్తుంది. జాబితా తయారుచేసే గౌరవం నాకు దక్కింది. లాకు. జారు. జారింది. పడి. విరిగి. తుంటి. ఎముక. ఆసుపత్రి. ఎక్సరే.

ఎక్కువ ఆలోచించకుండా రాసిపడేశాను. ముప్పై ఒక్క మాటలు. నా పదసంపద ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చింది.

మార్చి 18, మంగళవారం

'మీ నిచ్చెన భేష్, నెల నుంచి వాడుతున్నా, ఒక్కసారి కూడా పడిపోలేదు' అని ఎవరో రాస్తే మిషను దాచేసింది. 'పడి' ఉంది కదా. రోజంతా తలుచుకుని నవ్వుకున్నాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, చెబితే ఆ మాట జాబితాలోంచి తీసేయమంటారు.

మార్చి 19, బుధవారం

నిచ్చెనని నా మంచం కిందికి తోశాను. బాల్కనీలో ఎండకి రంగు పోతుంది.

మార్చి 21, శుక్రవారం

నిచ్చెనకి తాడు కట్టాను. రెండు ముళ్ళు. ఊరికే.

మార్చి 24, సోమవారం

వారం మీటింగు. ఫిర్యాదులు 'కనిపించడం' తొంభై శాతం తగ్గిందని గ్రాఫుగారు చప్పట్లు కొట్టించారు. నాకు ఒక పెన్ను ఇచ్చారు. బాగానే రాస్తోంది. ఇది దానితోనే రాస్తున్నాను.

మార్చి 26, బుధవారం

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తయ్య నా గదిలో నేలమీద కూర్చుని ఉన్నారు. నిచ్చెనని మంచం కిందనుంచి సగం బయటికి లాగారు.

"అమ్మాయ్, దీనికి ఈ తాడేమిటే?"

"జారిపోకుండా, అత్తయ్యా."

"మంచం కింద పడుకున్న నిచ్చెన ఎక్కడికి జారిపోతుందే?"

ఆవిడ ముళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు.

"అయితే ఆ మాస్టారు చెప్పేది నిజమేనన్నమాట."

"మీరు చదివారా?"

"నీ పోస్టుకి మొదట పరిగెత్తేది నేనే కదా. అప్పట్లో నేను వెళ్ళేసరికి ఆయన అక్కడ ఉండేవాడు. కాసేపాగి చూస్తే ఉండేవాడు కాదు. నా కళ్ళే సరిగా కనపడట్లేదేమో అనుకున్నా. డాక్టరు దగ్గరికి వెళ్దామని నీతో అందామనుకున్నా కూడా."

ఆఫీసు పద్ధతి, కంపెనీ నిర్ణయం, నెలాఖరు, అన్నీ చెప్పుకొచ్చాను. చెబుతుంటే నా గొంతు అచ్చం గ్రాఫుగారి గొంతులాగే ఉంది. ఆవిడ అంతా విన్నాక అన్నారు.

"నాకోసం తాడు కట్టావు. సంతోషం. నేను ఎక్కకూడదు. మరి కింది వాటా ఆవిడ ఎక్కొచ్చా? నేను 'చాలా బాగుంది తల్లీ' అని రాయడం చూసే కొనుక్కుందామె. రోజుకి తొమ్మిదిసార్లు రాశాను కదే నేను."

"అత్తయ్యా..."

"ఇందాకే వెళ్ళి ఎక్కొద్దని చెప్పొచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో. నేను చెప్పాల్సిన మనిషి ఒక్కతే, చెప్పేశాను. నువ్వు చెప్పాల్సినవాళ్ళు ఎంతమందో నీకే తెలియాలి."

లేవడానికి చెయ్యిచ్చాను. పట్టుకోలేదు. మంచం కోడు పట్టుకుని లేచారు.

పెళ్ళయిన పదహారేళ్ళలో ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఇవాళ కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది, ఎదురు చెప్పుకునేదాన్ని.

మార్చి 27, గురువారం

తొమ్మిది పోస్టులు వెళ్ళాయి. అత్తయ్య ఒక్కదాన్ని కూడా తెరవలేదు.

మార్చి 28, శుక్రవారం

గ్రాఫుగారు పొద్దున్నే కంపెనీవాళ్ళ ఆఫీసుకి వెళ్ళారు. పదిన్నరకి పేజీ తెరిచి రాశాను.

'మా మడత నిచ్చెనల్లో లాకు జారుతోంది. కొందరు పడ్డారు. ఎముకలు విరిగాయి. మీ ఇంట్లో ఉంటే ఎక్కకండి. ఎవరినీ ఎక్కనివ్వకండి.'

బొమ్మ లేదు, ఆశ్చర్యార్థకం లేదు. నెల రోజుల్లో నేను రాసిన మొదటి పోస్టు ఇదే, మిగతావి లెక్కలోకి రావు. నొక్కాను.

నాలాంటి తెలివైనది ఇంకొకతె ఉండదు. పదకొండు కాగానే దాని నెత్తిన ఇంకో పోస్టు పడింది. 'ఎత్తులంటే భయమా? మేమున్నాం!' నా వరస! నెలాఖరు దాకా నేనే నింపి, నేనే వేళలు పెట్టిన వరస. జనాన్ని ఎక్కొద్దని చెప్పడానికి ప్రాణం ఉగ్గబట్టుకుని నొక్కానే గానీ, ఎక్కమని చెప్పే మిషను ఆపాలన్న ఇంగితం లేకపోయింది. ఇంకో మూడు పోస్టులు పడ్డాయంటే నా మాట నాలుగో జరుపు కిందికి పోతుంది.

కూర్చుని ఒక్కొక్కటీ తీసేయడం మొదలుపెట్టాను. అన్నీ ఒకేసారి తీసే వీలు ఎక్కడుందో నాకు తెలీదు, ఎవరినైనా అడిగే ధైర్యం లేదు. ప్రతిదానికీ మిషను 'నిజంగా తొలగించాలా?' అని అడుగుతుంది. ముప్పై నాలుగుసార్లు అడిగింది. ముప్పై నాలుగుసార్లు అవునన్నాను. పెట్టేటప్పుడు మాత్రం ఒక్కసారీ అడగలేదు.

పన్నెండుంబావుకి గ్రాఫుగారి ఫోను.

"మేడమ్, పేజీని ఎవరో హ్యాక్ చేశారు!"

"లేదు సార్. నేనే పెట్టాను."

కంపెనీవాళ్ళు పక్కనే ఉన్నట్టున్నారు, గొంతు తగ్గించారు.

"తీసేయండి. ఇప్పుడే తీసేస్తే నేనేదో సర్దిచెబుతాను. మీకు ఇల్లుంది, మీవారు ఎక్కడో ఉంటారు, ఆలోచించుకోండి."

"ఆలోచించే పెట్టాను."

"ఏం సాధిద్దామని? ఒక్క పోస్టుతో ఏమవుతుంది? రేపటికి ఎవడికి గుర్తుంటుంది?"

ఆయన మాట్లాడినవాటిలో ఇదొక్కటే గీత లేకుండా అర్థమైంది. నేను తీయలేదు. పన్నెండు ముప్పావుకి ఆయనే ఎక్కడినుంచో తీసేశారు. రెండుంబావు గంటలు ఉంది. సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. పెన్ను తిరిగి అడగలేదు.

ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్య స్టవ్ మీద టీ పెట్టారు. "తిన్నావా?" అన్నారు. అంతే. నేను కాసేపు ఏడ్చాను. ఉద్యోగం పోయినందుకు కాదని రాసుకుందామనుకున్నా గానీ, అందుకే ఏడ్చాను.

మార్చి 29, శనివారం

మాస్టారికి సొంత ఖాతానుంచి సందేశం పంపాను. నేనెవరో చెప్పాను. మీరు రాసినవన్నీ మీకు తప్ప ఎవరికీ కనపడలేదు, దాచింది నేనే, క్షమించమని అడిగే మొహం కూడా లేదు అని రాశాను.

గంట తర్వాత జవాబొచ్చింది.

'నాకు రోజూ కనిపిస్తూనే ఉన్నాయి. అందరూ చదివి ఊరుకుంటున్నారనుకున్నాను అమ్మా.'

ఈ రెండో వాక్యం పొద్దుటినుంచి నన్ను వదలడం లేదు. జనం చదవకపోవడం వేరు. చదివి ఊరుకున్నారని ఒక మనిషి మూడు వారాలు నమ్మడం వేరు. ఆ నమ్మకం ఆయనకి కలిగించింది నేను. అలా నమ్ముతూనే ఆయన మర్నాడు మళ్ళీ రాశారు.

మార్చి 31, సోమవారం

పదిహేను. అరగంటకొకటి. నా కుర్చీలో ఎవరో కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. 'శుభోదయం'లో ఒత్తు తప్పు. సరుకు ఇంకా మిగిలినట్టుంది, వారం పొడిగించి తగ్గింపు కూడా ఇస్తున్నారు.

కింద కామెంటు రాద్దామని చూస్తే నా ఖాతాకి తలుపులు మూసేశారు. మాస్టారికీ మూసేశారట.

ఏప్రిల్ 1, మంగళవారం

"నాకు మూయలేదుగా" అన్నారు అత్తయ్య.

నిజమే! అరవై దాటిన నమ్మకమైన వినియోగదారుని గ్రాఫుగారు చచ్చినా బయటికి పంపరు. ఆవిడ మీద ఒక గీత ఉంది ఆయన దగ్గర.

"ఏం రాయమంటావో చెప్పు."

నా జాబితా నాకు కంఠతా వచ్చు. ముప్పై ఒక్క మాటలూ తప్పించుకుంటూ చెప్పాను. ఆవిడ ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాశారు. 'ఈ నిచ్చెన ఎక్కకండి. ఎక్కితే దిగండి. చాలా ప్రమాదం తల్లీ.' తల్లీ వద్దన్నాను. ఉండనివ్వమన్నారు.

పదిహేను పోస్టుల కిందా రాశాం. మిషను ఒక్కటీ దాచలేదు. కొత్తమ్మాయి కంటపడినవి చేత్తో దాచింది. నాకిప్పుడు పేజీ కనపడదు, మాస్టారి ఆవిడ ఫోనులో లెక్కపెట్టించాం: ఎనిమిది పోయాయి, ఏడు మిగిలాయి.

ఏప్రిల్ 2, బుధవారం

పదిహేను రాశాం. పది మిగిలాయి. 'మాదీ అంతే' అని ముగ్గురు రాశారు. కొత్తమ్మాయి పని దొంగో, బద్ధకస్తురాలో, లేక చదువుతోందో తెలీదు.

ఏప్రిల్ 3, గురువారం

పొద్దున పదకొండుంబావు పోస్టు కింద అత్తయ్య రాసిన రెండు నిమిషాలకి ఒకావిడ అడిగింది. 'ఎందుకండీ? మావారు ఇప్పుడు దానిమీదే ఉన్నారు. బల్బు మారుస్తున్నారు.'

అత్తయ్య ఒక్క వేలితో 'ఎం' అన్న అక్షరం దగ్గరే వెతుక్కుంటున్నారు. ఫోను లాక్కున్నాను. ఇంతకాలం ఆవిడ చేతిలోంచి ఒక గరిటె కూడా లాక్కోలేదు. లాకు అని రాస్తే మిషను మింగేస్తుంది, పడతారు అంటే మింగేస్తుంది, ఎముక అంటే మింగేస్తుంది. అన్నీ నేను పెట్టినవే. 'కారణం తర్వాత చెబుతాను. ముందు ఆయన్ని దించండి. మెల్లగా. పట్టుకుని దించండి' అని రాశాను.

జవాబు లేదు.

ఐదు నిమిషాలు లేదు. కొత్తమ్మాయి దాచేసిందేమోనని నా ఫోనునుంచి మాస్టారికి ఫోను చేశాను, మీ ఆవిడ ఖాతా నుంచి చూడండి అన్నాను. "మా ఆవిడ ఫోనులో కనిపిస్తోందమ్మా, ఉంది, ఉంది" అన్నారాయన. వెనకనుంచి ఆవిడ గొంతు "దిగాడా?" అని అడుగుతోంది. ఫోను ఎవరమూ పెట్టేయలేదు. ఇక్కడ మేమిద్దరం, అక్కడ వాళ్ళిద్దరూ, ముక్కూమొహం తెలియని ఒక మగాడు నిచ్చెన దిగడం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

పదకొండు ముప్పై ఏడుకి వచ్చింది.

'దిగారు. సగం పనిలో దింపానని విసుక్కుంటున్నారు. ఇంతకీ ఎందుకో చెప్పండి.'

మాస్టారి ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ ముక్కు చీదుకోవడం వినపడింది. అత్తయ్య నా చేతిలోంచి ఫోను తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "ఎందుకో నేను రాస్తా, నువ్వు మాటలు చెప్పు" అన్నారు. కొత్తమ్మాయి తర్వాతి పోస్టుకి ఇంకా ఎనిమిది నిమిషాలు ఉంది.